గుండు ఖరీదు... గురి ఖరీదు

ఎయిర్ రైఫిల్ పట్టిన పిల్లలున్న ప్రతి ఇంట్లో నెలనెలా వచ్చే ప్రశ్న ఇది: పెల్లెట్లు చౌకవి కొనాలా, ఖరీదైనవి కొనాలా? బొగ్గు ధరను గ్రేడుతో కలిపి చూసే కొత్తగూడెం వాళ్లకు జవాబు వెతకడం కష్టమేమీ కాదు.

2024 జులై 28న పారిస్ ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఫైనల్లో మను భాకర్ 221.7 పాయింట్ల దగ్గర ఆగింది. ఆ సమయానికి కొరియా షూటర్ కిమ్ యెజి 221.8తో ఉంది. పదో వంతు పాయింటు తేడాతో రజతం పోటీ చేజారి, కాంస్యం చేతికొచ్చింది. షూటింగ్‌లో భారత మహిళకు దక్కిన తొలి ఒలింపిక్ పతకం అది. ఆ పదో వంతుకు టార్గెట్ మీద ఒక కొలత ఉంది. పిస్టల్ టార్గెట్‌లో అది 0.8 మిల్లీమీటరు. రైఫిల్ టార్గెట్‌లో పావు మిల్లీమీటరే.

ఆ తేడా గుండు వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. చెయ్యి, ఊపిరి, ట్రిగ్గర్ మీది వేలు, ఆ క్షణాన మనసు అన్నీ అందులో ఉంటాయి. కానీ ఆట ఇంత సన్నని అంచు మీద నడుస్తుంది కాబట్టే అర గ్రాము సీసపు గుండు గురించి కోచ్‌లు గంటలకొద్దీ వాదించుకుంటారు. ఆ వాదన పారిస్‌లో ఆగదు. ఎన్‌సీసీ క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిల్‌తో తొలిసారి గురి పెట్టి, గ్రూపింగ్ బాగుందని ఇన్‌స్ట్రక్టర్ మెచ్చుకుంటే, ఆ ఉత్సాహంతో ఇంటికొచ్చి ‘నాన్నా, ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటా’ అనే పిల్లలున్న ఇళ్లకూ వస్తుంది. రైఫిల్ కొనేది ఒక్కసారే. పెల్లెట్లు మాత్రం నెలనెలా కొనాలి. కోచ్‌కు ఫోన్ చేసిన తండ్రి మొదట అడిగేది, ‘సార్, ఏ డబ్బా కొనమంటారు?’ అనే.

ఆ తండ్రికి సూటిగా ఒక జవాబు చెప్పాలన్నదే ఈ కథనం ఉద్దేశం. పెల్లెట్ ధరను డబ్బా మీద చూడకూడదు, పిల్లవాడి గురిలో చూడాలి. గురి ఎంత కుదిరిందో అంత మంచి గుండు కొనాలి. అంతకు మించి కొంటే డబ్బు దండగ. మరీ తక్కువది కొంటే అంతకంటే పెద్ద నష్టం. ఎందుకో లెక్కేసి చూద్దాం.

అర గ్రాములో ఏముంది?

పోటీల్లో వాడే పెల్లెట్ 4.5 మిల్లీమీటర్ల బోర్‌ది. పాయింట్ వన్ సెవెన్ సెవెన్ అని పిలిచేది దీన్నే. రైఫిల్ పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు. పిస్టల్‌కు వాడేది ఇంకాస్త తేలిక. దీన్ని వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకు పెట్టి చూడండి. ముందు భాగం బల్లపరుపుగా ఉంటుంది, నడుము సన్నగా ఉంటుంది, వెనక భాగం పల్చటి అంచుతో లంగాలా విచ్చుకుని ఉంటుంది. షూటర్లు దాన్ని స్కర్ట్ అనే అంటారు. లోపల బోలు. వెనక నుంచి గాలి తోసినప్పుడు ఆ పల్చటి అంచు విచ్చుకుని బ్యారెల్ గోడకు అంటుకుంటుంది, గాలి పక్కలకు పోకుండా ఆపుతుంది. బ్యారెల్ లోపలి మెలి తిరిగిన గాళ్లు దాన్ని పట్టుకుని తిప్పుతాయి. ఆ తిరుగుడుతో, నడుము సన్నబడ్డ ఆ ఆకారంతో గుండు దారి తప్పకుండా వెళుతుంది. ముందు భాగం చదునుగా ఉండటానికీ కారణముంది. అది కాగితాన్ని చింపదు, గుండ్రంగా కోస్తుంది. కాగితం టార్గెట్ మీద స్కోరు చూసేవారికి రంధ్రం అంచు శుభ్రంగా ఉండాలి మరి.

పోటీ రైఫిల్లోంచి ఈ గుండు సెకనుకు 170 మీటర్లకు కాస్త అటూ ఇటూ వేగంతో బయటికి వస్తుంది. దాని శక్తి ఏడున్నర జౌళ్ల దరిదాపుల్లో ఉంటుంది. పది మీటర్లు దాటడానికి సెకనులో ఆరు శాతం చాలు. ఆ కొద్ది సేపట్లోనే భూమి దాన్ని సుమారు పదిహేడు మిల్లీమీటర్లు కిందికి లాగేస్తుంది. సైట్ సర్దుకుంటే ఆ పతనం లెక్కలోకి వచ్చేస్తుంది. ప్రతి గుండూ ఒకేలా పడితే ఇబ్బంది లేదు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పడితేనే చిక్కు.

రెండు పెల్లెట్ల బరువుల మధ్య 0.02 గ్రాముల తేడా ఉందనుకుందాం. గాలి తోపు ఒకటే అయితే బరువైనది కాస్త నెమ్మదిగా వెళుతుంది, కాస్త ఎక్కువ పడుతుంది. కాగితం మీద లెక్కేస్తే ఆ తేడా 0.6 మిల్లీమీటరు వస్తుంది. రైఫిల్ టార్గెట్‌లో అది రెండు పదో వంతులకు పైమాటే. షూటర్ తప్పేమీ లేదు. రెండు గుళ్ల బరువు ఒకటి కాకపోవడమే తప్పు.

చుక్కంత పది

ఎయిర్ రైఫిల్ టార్గెట్‌ను దగ్గర నుంచి చూడనివాళ్లకు ఆ పది ఎంత చిన్నదో ఊహకు అందదు. మొత్తం వలయాల వెడల్పు 45.5 మిల్లీమీటర్లు. మధ్యలోని పది ఒక చుక్క, అర మిల్లీమీటరు. బాల్‌పెన్ మొన ఆనిస్తే పడే మచ్చంత. 4.5 మిల్లీమీటర్ల గుండు ఆ చుక్కను అంటితే చాలు, పది. అంటే గుండు నడిబొడ్డు టార్గెట్ కేంద్రానికి రెండున్నర మిల్లీమీటర్ల లోపు పడాలి. ఆ రెండున్నరనూ మళ్లీ పది ముక్కలు చేసి 10.0 నుంచి 10.9 దాకా స్కోరు ఇస్తారు. 10.9 కావాలంటే పావు మిల్లీమీటరు లోపు పడాలి. అరవై గుళ్లకు గరిష్ఠ స్కోరు 654.0.

పిస్టల్ టార్గెట్‌లో పది వలయం 11.5 మిల్లీమీటర్లు. వలయానికీ వలయానికీ ఎడం రైఫిల్లో రెండున్నర మిల్లీమీటర్లయితే ఇక్కడ ఎనిమిది, అంటే మూడు రెట్లకు పైనే. ఒంటి చేత్తో పట్టే ఆయుధానికి ఆ మాత్రం వెసులుబాటు ఉండాలి. పెల్లెట్ ఎంపికలో ఈ తేడాను చాలామంది పట్టించుకోరు. అవే పెల్లెట్లు రైఫిల్‌కు చాలకపోవచ్చు, పిస్టల్‌కు బ్రహ్మాండంగా సరిపోవచ్చు. ఇంట్లో ఒకరు రైఫిల్, ఒకరు పిస్టల్ నేర్చుకుంటుంటే ఇద్దరికీ ఒకే ఖరీదైన డబ్బా కొనక్కర్లేదు.

ధర దేనికి?

జర్మనీ నుంచి ఆర్‌డబ్ల్యూఎస్, హెచ్ అండ్ ఎన్, చెక్ దేశం నుంచి జేఎస్‌బీ. ప్రపంచమంతా పోటీల్లో ఎక్కువగా వినిపించే పేర్లివి. వీటిలోనే సాధనకు ఒక రకం, పోటీకి ఒక రకం ఉంటాయి. రెండింటిలోనూ సీసమే. బరువూ దాదాపు ఒకటే. చూసేవాడికి తేడా తెలియదు. మరి ధరెందుకు పెరుగుతుంది? గుండుకూ గుండుకూ పోలిక కుదిర్చినందుకు. పోటీ పెల్లెట్లను తల వ్యాసాన్ని బట్టి విడివిడిగా అమ్ముతారు. 4.48, 4.49, 4.50, 4.51... మిల్లీమీటరులో వందో వంతు తేడాతో. డబ్బా మీద లాట్ నంబరు ఉంటుంది. ఆ లాట్‌లోవన్నీ ఒకే అచ్చులోంచి, ఒకే సర్దుబాటుతో వచ్చాయని దాని అర్థం. స్కర్ట్‌లు సొట్టలు పడకుండా కొన్నింటిని ఫోమ్‌లో విడివిడిగా గుచ్చి ప్యాక్ చేస్తారు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసి చూడొచ్చు. సమతలంగా ఉన్న అద్దం పలకను ఒక పక్క కాస్త ఎత్తు పెట్టి, దాని మీద పెల్లెట్లను ఒక్కొక్కటిగా దొర్లించండి. తల, స్కర్ట్ వ్యాసాలు వేరు కాబట్టి పెల్లెట్ తిన్నగా పోదు, వంపు తిరుగుతూ పోతుంది. మంచి డబ్బాలోవి దాదాపు అన్నీ అదే వంపులో వెళ్లి అదే చోట ఆగుతాయి. నాసిరకం డబ్బాలో ఒకటి ఎడమకు కొట్టుకుపోతుంది, ఒకటి తడబడుతూ దొర్లుతుంది, ఇంకొకటి మధ్యలోనే నిలబడిపోతుంది. తడబడిన దాన్ని తీసి చూస్తే స్కర్ట్ అంచులో గోటితో నొక్కినంత సొట్ట కనిపిస్తుంది. అలాంటిది బ్యారెల్‌లోకి వెళితే గాలి ఒక పక్క నుంచి ముందుగా జారిపోతుంది. గుండు తల వాల్చుకుని బయటికి వస్తుంది.

ఇక్కడో సంగతి. ఖరీదైన డబ్బా కూడా బస్సు పైకప్పు మీదో, పార్శిల్ సంచి అడుగునో కుదుపులు తింటూ వస్తే దానిలోనూ ఇవే సొట్టలు. సీసం మెత్తన. కింద పడ్డ పెల్లెట్‌ను తిరిగి పోటీలో వాడకపోవడం మంచిది. ఎక్కువ ధర పెట్టి కొన్నది జాగ్రత్తగా దాచుకోలేకపోతే ఆ ధరకు అర్థం లేదు.

బొగ్గు బేరం తెలిసిన ఊరు

1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. అప్పటి నుంచీ ఈ నేల బతుకంతా బొగ్గు చుట్టూనే. బొగ్గు టన్ను ధర ఒక్కటే చూసి కొనేవాడు ఈ ప్రాంతంలో లేడు. 2012 నుంచి దేశమంతా బొగ్గును స్థూల ఉష్ణ విలువను బట్టి జీ-1 నుంచి జీ-17 దాకా గ్రేడులు కట్టి అమ్ముతున్నారు. కిలోకు 7,000 కిలో క్యాలరీలు దాటితే జీ-1. అక్కడి నుంచి 300 కిలో క్యాలరీల మెట్టు మెట్టుకూ గ్రేడు దిగుతుంది. పాల్వంచ కేటీపీఎస్ థర్మల్ విద్యుత్ కేంద్రం బాయిలర్‌కు జీ-1 అక్కర్లేదు. ఆ బాయిలర్‌ను ఏ బొగ్గు కోసం కట్టారో ఆ బొగ్గే దానికి లాభం. కొనుగోలుదారు అడిగేది టన్నుకు ఎంత అని కాదు, నాకు కావలసిన వేడికి ఎంత పడుతుంది అని. పెల్లెట్ విషయంలోనూ అడగాల్సింది అదే.

ఇప్పుడు లెక్క. పెల్లెట్ వల్ల వచ్చే చెదురూ, చేతి వణుకు వల్ల వచ్చే చెదురూ నేరుగా కూడవు. లంబకోణ త్రిభుజంలో కర్ణం లెక్కలా, వాటి వర్గాలు కూడతాయి. ఒక కొత్త పిల్ల గ్రూపు, అంటే టార్గెట్ మీద గుళ్ల రంధ్రాల మధ్య అతి పెద్ద దూరం, 20 మిల్లీమీటర్లు అనుకుందాం. రైఫిల్‌ను బిగించి కొడితే చౌక పెల్లెట్ 5 మిల్లీమీటర్ల గ్రూపు, ఖరీదైనది 2 మిల్లీమీటర్ల గ్రూపు ఇస్తాయనుకుందాం. చౌకదానితో ఆ పిల్ల గ్రూపు 20.6, ఖరీదైనదానితో 20.1. తేడా అర మిల్లీమీటరు. ఆ దశలో ఆ అర మిల్లీమీటరును ఎవరూ గుర్తించలేరు.

అదే పిల్ల మూడేళ్ల సాధనతో 5 మిల్లీమీటర్ల గ్రూపుకు వచ్చిందనుకోండి. ఇప్పుడు చౌక పెల్లెట్‌తో గ్రూపు 7.1, ఖరీదైనదానితో 5.4. దాదాపు 1.7 మిల్లీమీటర్లు. పది వలయం హద్దు 5 మిల్లీమీటర్ల వ్యాసమే కాబట్టి, పదులు కొట్టగల చేతికి గుండు తొమ్మిదులు ఇస్తుందన్నమాట. ఇక్కడ చౌక డబ్బా పట్టుకోవడం పొదుపు కాదు, మూడేళ్ల శ్రమను పోగొట్టుకోవడం.

దీని నుంచి గుర్తుపెట్టుకోవడానికి తేలికైన సూత్రం ఒకటి దొరుకుతుంది. పెల్లెట్ సొంత గ్రూపు షూటర్ గ్రూపులో నాలుగో వంతు ఉంటే అది చేసే నష్టం మూడు శాతమే. అంతకు మించి డబ్బు పెట్టనవసరం లేదు. సగం దాకా వచ్చిందంటే నష్టం పన్నెండు శాతం. అప్పుడు డబ్బా మార్చాలి.

మరి అన్నింటికంటే చౌకది ఎందుకు వద్దు? ఈ ప్రశ్నే నాకు అసలైనదిగా అనిపిస్తుంది. మొదటేడాది పిల్లలకు స్కోరు ముఖ్యం కాదు. తాను చేసినదానికి టార్గెట్ మీద సరైన సమాధానం రావడం ముఖ్యం. ఊపిరి సరిగ్గా ఆపి, ట్రిగ్గర్ మెత్తగా నొక్కి, సైట్ కదలకుండా గుండు వదిలినా, సొట్ట పెల్లెట్ వెళ్లి ఏడులో పడిందనుకోండి. ఆ పిల్లవాడు తాను సరిగ్గా చేసిన పనినే తప్పనుకుని మార్చుకుంటాడు. ఇంకోసారి భుజం వదులై, గుండు దారి తప్పి పదిలో పడుతుంది. ఆ వదులు భుజమే సరైనదని నమ్ముతాడు. నాసిరకం గుండు పాయింట్లు పోగొట్టడంతో ఆగదు, తప్పుడు సాక్ష్యం చెబుతుంది. ఆ తప్పుడు పాఠాన్ని తర్వాత మానిపించడానికి కోచ్‌కు నెలలు పడుతుంది.

ఇంటి బడ్జెట్ లెక్క

డబ్బాలో సాధారణంగా 500 పెల్లెట్లు. రోజుకు వంద, వారానికి ఐదు రోజులు, ఏడాదికి యాభై వారాలు కొడితే 25,000 గుళ్లు, యాభై డబ్బాలు. ధరలు ఊరికీ దుకాణానికీ మారతాయి. లెక్క కోసం సాధన డబ్బా 300 రూపాయలు, మేలిరకం పోటీ డబ్బా 1,200 అనుకుందాం. గుండుకు 60 పైసలు ఒకటి, రెండు రూపాయల నలభై పైసలు ఇంకొకటి. ఏడాదికి 15,000 ఒక దారి, 60,000 ఇంకో దారి. 45,000 తేడా. పర్మినెంట్ ఉద్యోగి ఇంట్లో కూడా అది ఆలోచించాల్సిన మొత్తం. ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టు కింద పనిచేసే తండ్రికి ఆట మాన్పించేంత మొత్తం.

ఆ 45,000లో కొంత భాగాన్ని మొదటి రెండేళ్లు షూటింగ్ జాకెట్, ట్రౌజర్, బూట్ల మీద పెట్టడం మేలు. నడుమును, భుజాన్ని నిలబెట్టేవి అవి. 20 మిల్లీమీటర్ల గ్రూపును 12కు తెచ్చేది మంచి జాకెట్, సరైన నిలబాటు. గుండు కాదు. మరో సంగతి, డ్రై ఫైర్. పోటీ రైఫిళ్లలో చాలావాటికి పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ సాధన చేసే ఏర్పాటు ఉంటుంది. గోడ మీద చిన్న నల్ల చుక్క అతికించి రోజుకు అరగంట డ్రై ఫైర్ చేస్తే పైసా ఖర్చు లేదు. ప్రపంచ స్థాయి షూటర్లకూ అది నిత్య సాధనే. స్ప్రింగ్ తుపాకీతో మాత్రం ఇలా చేయకూడదు. గుండు అడ్డు లేకపోతే లోపలి పిస్టన్ దెబ్బతింటుంది.

పోటీ దగ్గరపడుతున్న నెలలో లెక్క మారుతుంది. సాధన పెల్లెట్, పోటీ పెల్లెట్ ఒకే చోట పడవు. సైట్ మళ్లీ సర్దాలి, చేతికీ కొత్త అలవాటు కావాలి. కాబట్టి చివరి మూడు నాలుగు వారాలు పోటీలో వాడే లాట్‌తోనే సాధన చేయాలి. పోటీకి ముందురోజు ఎవరో ఇచ్చిన ‘చాలా మంచి’ డబ్బా తెరవడం కంటే తెలిసిన సాధారణ డబ్బాతో వెళ్లడమే నయం.

రైఫిల్‌కు రైఫిల్‌కు ఇష్టం వేరని పాత షూటర్లు చెబుతారు. అది నిజం. ఒక బ్యారెల్‌కు 4.49 తల నప్పుతుంది, పక్కనున్న అదే కంపెనీ బ్యారెల్‌కు 4.50. అందుకే డబ్బాలు కొనేముందు నాలుగైదు రకాలు కొద్దికొద్దిగా తెప్పించుకుని, రైఫిల్‌ను బల్ల మీద బిగించి, ఒక్కో రకంతో పది గుళ్ల గ్రూపులు రెండు మూడు కొట్టి, స్కేలుతో కొలవాలి. ఐదు గుళ్ల గ్రూపు ఒకటి చూసి తీర్మానిస్తే అదృష్టాన్ని కొలిచినట్టే. గెలిచినదాని ధర మధ్యరకంగా ఉంటే సంతోషించి అదే లాట్ ఏడాదికి సరిపడా తీసుకోవాలి. ఖరీదైనది ఓడిపోవడం అరుదేమీ కాదు.

గురికీ దెబ్బకీ తేడా

ఎయిర్ గన్ కొనేటప్పుడు కుర్రాళ్ల నోట ఎక్కువగా వచ్చే మాట, ‘ఎంత దూరం పోతుందన్నా? గట్టిగా తగులుతుందా?’ అని. మొన తేలిన పెల్లెట్ డబ్బా మీది బొమ్మ వాళ్లను లాగేస్తుంది. పది మీటర్ల కాగితానికి మొన తేలిన పెల్లెట్ ఎందుకూ కొరగాదు. రంధ్రం అంచు చిరుగుతుంది, గ్రూపూ సాధారణంగా చెదురుతుంది. గుండ్రటి తల పెల్లెట్‌ది వేరే కథ. గాలిని చీల్చుకుపోయే గుణం దానికి ఎక్కువ, వేగం నెమ్మదిగా తగ్గుతుంది. పాతిక, యాభై మీటర్ల లోహపు టార్గెట్ల ఆటలో అది ఉపయోగం. చదును తల పది మీటర్లకు ఎంత మేలో, యాభైకి అంత చేటు. దూరాన్ని బట్టి ఆకారం, ఆకారాన్ని బట్టి ధర.

జాతరలో బెలూన్లు కొట్టించే దుకాణదారుడికి ఈ లెక్క బాగా తెలుసు. జానెడు బెలూన్, నాలుగడుగుల దూరం, అరిగిన బ్యారెల్. అక్కడ ఖరీదైన గుండు పెడితే అతని రోజు కూలి పోతుంది. అన్నింటికంటే చౌక గుండే అతనికి సరైనది. తన పనికి ఎంత కావాలో అంతే కొంటాడు, ఆ విషయంలో అతను చాలామంది తల్లిదండ్రుల కంటే ముందున్నాడు. పిల్లల కళ్లకు రక్షణ లేకుండా, పెల్లెట్ ఎగిరి వెనక్కి రాకుండా సరైన తెర లేకుండా ఆడించే దుకాణాలు మాత్రం మారాలి. అది ధరతో ముడిపడ్డ విషయం కాదు.

‘గట్టిగా తగులుతుందా’ అనే ప్రశ్న వెనక పిట్టలు ఉంటే, సమాధానం చట్టంలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అడవి పక్షుల వేట నేరం. కొత్తగూడెం పక్కనే 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యం ఉంది. దసరా నాడు పాలపిట్ట కనిపిస్తే శుభమని ఊరి పొలిమేర దాకా వెళ్లి వెతికే మనం, రాష్ట్ర పక్షిగా పెట్టుకున్న ఆ పాలపిట్ట మీదికి తుపాకీ ఎక్కుపెట్టడాన్ని ఆట అనలేం. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 మార్చిలో ఈస్ట్ కామెంగ్ జిల్లా లుమ్‌డుంగ్ గ్రామంలో ‘ఎయిర్ గన్ సరెండర్ అభియాన్’ మొదలైంది. పక్షులను కాపాడుకోవడానికి జనం తమంతట తామే రెండు వేలకు పైగా ఎయిర్ గన్లు అప్పగించారు. అడవి అంచున బతికే మన జిల్లాకు అది పక్క ఊరి వార్తతో సమానం.

ఆయుధ నియమాలు, 2016 ప్రకారం బోర్ 4.5 మిల్లీమీటర్లు దాటినా, శక్తి 20 జౌళ్లు మించినా లైసెన్సు కావాలి. పోటీ రైఫిల్ శక్తి అందులో సగం కూడా ఉండదు. అయినా సరే, రైఫిల్‌ను ఎప్పుడూ సంచిలోనే తీసుకెళ్లండి. బిల్లు, క్లబ్బు గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. ఏజెన్సీ దారుల్లో తనిఖీ చేసే పోలీసుకు దూరం నుంచి అది తుపాకీయే.

సీసం మిగిల్చేది

ఏడాదికి 25,000 గుళ్లంటే పదమూడు కిలోలకు పైగా సీసం. ఈ లెక్కను ధర గురించి మాట్లాడేవారెవరూ ఎత్తరు. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల మెదడు ఎదుగుదలకు అది నేరుగా హాని. పెల్లెట్‌ను పంటి కింద పట్టుకోవడం, సాధన మధ్యలో అదే చేత్తో మిర్చిబజ్జీ తినడం రెండూ మానాలి. సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. టార్గెట్ వెనక పెట్టెలో పడ్డ సీసపు ముక్కలను చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకుండా, తడి గుడ్డతో తుడవాలి. పోగైన సీసాన్ని ఇంట్లో కరిగించే పని అస్సలు వద్దు. అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వాలి. సీసం లేని తగరపు పెల్లెట్లూ వస్తున్నాయి. తేలిక, వేగం ఎక్కువ, ధరా ఎక్కువే. చాలా బ్యారెళ్లలో సీసపు గుండంత నిలకడ ఇంకా రాలేదు. ఆ నిలకడ వచ్చిన రోజున సీసం వదిలేయాల్సిందే.

ఇంటి మీద పడే బరువు

హైదరాబాద్‌లో పెరిగిన ఎయిర్ రైఫిల్ షూటర్ గగన్ నారంగ్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 600కు 595 కొట్టినా, సమాన స్కోర్లను తేల్చే కౌంట్‌బ్యాక్‌లో ఫైనల్ చేజార్చుకున్నాడు. నాలుగేళ్లకు లండన్‌లో 598 కొట్టి, ఫైనల్లో 103.1 కలిపి 701.1తో కాంస్యం తెచ్చాడు. అతని రైఫిల్ కోసం కుటుంబం స్థలం అమ్ముకుందని అప్పట్లో పత్రికలు రాశాయి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకే జాతీయ ఛాంపియన్ అయింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. వినికిడి లోపం ఉన్న హైదరాబాదీ ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్ ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచాడు. ముగ్గురి ప్రతిభ గురించి ఎంత చెప్పినా తక్కువే. ముగ్గురూ హైదరాబాద్ వాళ్లు కావడం మాత్రం కాకతాళీయం కాదు. రేంజ్, కోచ్, దిగుమతి పెల్లెట్ల దుకాణం, పరీక్షించి చూసే వీలు అన్నీ అక్కడే ఉన్నాయి. 2002 జాతీయ క్రీడలకు నగరం సిద్ధమైన వేళ గచ్చిబౌలి వైపు వచ్చిన క్రీడా వసతుల ఫలితం ఇప్పటికీ అందుతోంది. కొత్తగూడెం నుంచి ఆ దారి దాదాపు 300 కిలోమీటర్లు. సరైన డబ్బా ఏదో తెలుసుకోవడానికి ఒక తండ్రి షిఫ్టు వదులుకుని అంత దూరం వెళ్లాల్సిన పరిస్థితి ఉండకూడదు.

పది మీటర్ల రేంజ్‌కు మైదానం అక్కర్లేదు. పది మీటర్ల నిడివి, షూటర్ వెనక నిలబడే చోటు, గట్టి గోడ, తలుపులకు తాళం, మంచి వెలుతురు ఉంటే చాలు. మన సింగరేణి కాలనీల్లో అంత పొడవున్న హాళ్లు కొత్త కాదు. సింగరేణి వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్, జిల్లా క్రీడా శాఖ కలిసి మూడు పనులు చేస్తే చాలు. ఒకటి, కొత్తగూడెం, రామగుండం, మందమర్రి వంటి ఏరియాల్లో ఎయిర్ రైఫిల్ నేర్చుకునే పిల్లలందరికీ ఒకే లాట్ పెల్లెట్లు కలిపి కొనడం. విడిగా కొనే తండ్రి కంటే యాభై మంది పిల్లల తరఫున కొనే సంస్థకు ధర తగ్గుతుంది, లాట్ ఎంచుకునే హక్కూ ఉంటుంది. రెండోది, రైఫిల్‌ను బిగించి పరీక్షించే బల్ల ఒకటి ప్రతి హాల్లో పెట్టడం. దాన్ని వెల్డింగ్ చేయడానికి మన వర్క్‌షాపుల్లో చేతులకు కొదవలేదు. మూడోది, పిల్లల గ్రూపు కొలతలు నెలనెలా రాసే ఒక పుస్తకం. ఎవరికి సాధన డబ్బా ఇవ్వాలో, ఎవరికి పోటీ డబ్బా ఇవ్వాలో ఆ పుస్తకమే చెబుతుంది. పలుకుబడి చెప్పకూడదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ నెల డబ్బా కొనేముందు మీ పాప లేదా బాబు గత వారం కొట్టిన పది గుళ్ల టార్గెట్ కాగితం ఒకటి అడిగి తీసుకోండి. రంధ్రాల కేంద్రాల మధ్య అతి పెద్ద దూరాన్ని స్కేలుతో కొలవండి. అది 15 మిల్లీమీటర్లు దాటి ఉంటే, ఒకేలా ఉండే మంచి సాధన పెల్లెట్ తీసుకుని మిగిలిన డబ్బు జాకెట్‌కు పెట్టండి. ఎనిమిది లోపు వచ్చిందా, పోటీ పెల్లెట్ లాట్లు తెప్పించి బల్ల మీద పరీక్షించండి. ఆ రెండింటి మధ్యలో ఉంటే ఇంకో ఆర్నెల్లు ఆగండి. ఆ కొలత రాసిన కాగితం కోచ్‌కు చూపించి, ఆ తర్వాతే దుకాణానికి వెళ్లండి.